మూడో తీగ

స్తంభం మీద ఇప్పటికీ నాలుగు పింగాణీ గుబ్బలున్నాయి.
తీగలు రెండే.
మిగతా రెండు గుబ్బల మీద
ఏడాదికి అయిదు నెలలు మంచు కూర్చుంటుంది.

రియోనీ నదికి పైన, కాకసస్ కొండల మడతలో,
ముర్మాన్ మామ మొక్కజొన్న మర.
మోటారు కుతైసీ ఫ్యాక్టరీది.
గేటుకి తాళం వేసిన రోజు
ఎనిమిది నెలల జీతం బాకీ కింద
ఇదే ఉంది, మోసుకుపో అన్నారట.
రెండు పాయింట్ రెండు కిలోవాట్లు.
పైన పచ్చరంగు, పొట్ట నిండా రాగి.
మూడు ఫేజులుంటే తప్ప లేవనని
పదేళ్లు గోనెపట్టా కప్పుకుని మూల కూర్చుంది.

ఆ చలికాలం త్సియాలా వచ్చింది.
అదే ఫ్యాక్టరీలో ఇరవయ్యేళ్లు కాయిల్స్ చుట్టిన మనిషి.
మూత విప్పి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి,
లోపలి ముడులు వేలితో తడిమి
"నా చేతిదే" అంది.
నాకు పదకొండేళ్లు. నా పని టార్చి పట్టుకోవడం.

ముందు ఉన్న రెండు తీగలే తగిలించి చూపించింది.
మోటారు మూలిగింది.
బల్ల మీద మేకులు గలగలలాడాయి.
ఇరుసు మాత్రం అంగుళం కదల్లేదు.
తాడు చుట్టి కుడికి లాగితే కుడికి తిరిగింది,
ఆపి ఎడమకి లాగితే ఎడమకి.
"చూశావా, బలానికేం లోటు లేదు.
ఎటు అన్నదే తెలీదు దీనికి."

సంచి బోర్లిస్తే కండెన్సర్లు దొర్లాయి:
ట్యూబులైట్లవి, ఒకటి వాషింగ్ మెషీన్‌ది,
మూతపడ్డ సినిమా హాలువి రెండు, ఎలుక కొరికిన గుర్తులతో.
కిలోవాటుకి డెబ్బై మైక్రోఫారడ్లు.
పిండి పేరుకున్న గోడ మీద వేలితోనే లెక్క రాసింది,
నూట యాభై నాలుగు.
మొదటి తోపుకి ఇంకో రెండంతలు, బొత్తాం వెనక.

"ఇందులోంచి కొత్త కరెంటు పుట్టదు పిల్లాడా.
ఉన్నదాన్నే వేళ తప్పించి ఇస్తుంది.
వేళ తప్పి వచ్చినవాణ్ణి చూసి మోటారు
ఇంకొకడెవడో వచ్చాడనుకుంటుంది.
అనుకోనీ.
మూడొంతుల్లో రెండొంతులు పని చేస్తుంది. చాలదూ?"

మామ అంతసేపూ గుమ్మంలోనే ఉన్నాడు,
టోపీని పిండి ముద్దలా పిసుకుతూ.
"ఆ చీకటి ఏళ్లలో..." అని ఆపాడు.
దగ్గాడు. మళ్లీ ఎత్తుకున్నాడు.
కరెంటే రానప్పుడు స్తంభాలకి తీగలెందుకని
ఒక రాత్రి రెండు కోసి, చుట్ట చుట్టి,
తుక్కువాడికి తూచాడట.
అర బస్తా గోధుమపిండి.
"నాలుగూ కోసేవాణ్ణే. తెల్లారిపోయింది."

త్సియాలా పళ్లతో వైరు తొక్క ఒలుస్తోంది.
తొక్క ఉమ్మి, అంది:
"తెలుసు. నిచ్చెన మాది."

టార్చి దేనిమీద పట్టుకోవాలో
కాసేపు నాకు తెలియలేదు.

స్విచ్చు వేసింది. బొత్తాం నొక్కిపట్టి
మూడు లెక్కపెట్టి వదిలింది.
మోటారు వణికింది, ఊగింది, అందుకుంది,
తిరిగింది వెనక్కి!
బెల్టు ఎదురు పరుగెత్తి జారిపడింది.
మామ ముఖం వాడిపోయింది.
ఆమె ఒక్క కొన విప్పి పక్క స్క్రూకి బిగించింది. అంతే.

తర్వాత రాళ్లు మాట్లాడాయి.
మొదట వచ్చింది బూజు, పాత పురుగులు, తుప్పు,
ఆ తర్వాత పసుపుపచ్చగా, వెచ్చగా, సన్నగా.
మామ గుప్పిట పట్టి ముక్కు దగ్గర పెట్టుకుని
ఎంతకీ దించలేదు.
"నింపుగా పొయ్యకు, ఇది సగం బుకాయింపు మీద నడుస్తోంది,"
అని కేకేసింది త్సియాలా.
"గంటకోసారి వీపు మీద చెయ్యి ఆనించు.
ఓర్చుకోలేకపోతే ఆపెయ్యి."

చీకటి పడ్డాక ఆపాం.
కండెన్సర్ల మీదికి నా చెయ్యి పోబోతే
చురుక్కున వేళ్ల మీద కొట్టింది.
"తీగలు తీసేసినా లోపల ఉంటుంది.
ఎన్నాళ్లైనా ఉంటుంది."
చిన్న బల్బుకి రెండు కొనలు కలిపి తాకించింది.

బల్బు ఒక్కసారి వెలిగి ఆరింది.
ఆ కాస్తలో కనిపించాడు మామ,
గడ్డం నిండా పిండితో,
ఎవరికీ అడ్డం కాకుండా గోడకి అతుక్కుని,
ఆమె సంచిలోకి ఒక్కో రెంచీ తుడిచి పెడుతూ.